ఎమ్మిగనూరు చేరని పందెం

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లో నేను ఆదోనిలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేవాణ్ణి. మా ఇల్లు ఎమ్మిగనూరులో. మా నాయన మగ్గం నేసేవాడు. నాకూ ఆ పని నేర్పాలని చూశాడు గానీ నా చేతికి పట్టుబడలేదు. ఆదివారాలు పాత సైకిలు మీద ఇంటికి పోయి సాయంత్రానికల్లా తిరిగి వచ్చేవాణ్ణి.

మా మిల్లులో ఒక ఫిట్టరు ఉండేవాడు. అందరూ ఆయన్ని భాయ్ అని పిలిచేవారు. వయసులో ఉన్నప్పుడు బళ్లారి వైపు సైకిలు పందాల్లో తొక్కినవాడు. దసరాకు ఊళ్లోని వ్యాపారులు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పందెం పెడుతున్నారని తెలిసినప్పుడు, నువ్వూ రా, ఇద్దరం తొక్కుదాం అన్నది ఆయనే. నా సైకిలుకున్న మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు ఆయనే ఊడబీకాడు. హ్యాండిలు కిందికి వంచి బిగించాడు. చూస్తే ఈకలు పీకిన కోడిలా ఉంది నా బండి. కానీ కాలు పెడితే ఎగిరిపోయింది.

రోజూ తెల్లవారగానే మిల్లు కూత పడేలోపు తొక్కేవాళ్లం. మొదట్లో నేలమీద కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. పందెమంటే కాళ్లలో బలమే అనుకున్నాను. భాయ్ అది కాదన్నాడు.

“ఎదురుగాలిలో ముందర పోవద్దప్పా. ఇంగొకని వెనక దాక్కో. వాడు అలిసిపోయినాక బయటికి రా.”

ఇంట్లో చెప్పినప్పుడు నాయన మగ్గం ఆపలేదు. “మగ్గం తొక్కితే గుడ్డొస్తాది. అది తొక్కితే ఏమొస్తాది?” అన్నాడు. పందెం మన ఊళ్లోనే ముగుస్తుంది, వచ్చి చూడమన్నాను. తెగిన పోగు ముడివేసుకుంటూ ఉండిపోయాడు. రాడనే అనుకున్నాను.

పందేనికి ముందు రాత్రంతా వాన. పొద్దున మేము వరుసగా నిలబడ్డాక, దారిలో వంక పొంగి రోడ్డు మీద పారుతోందని, వంకకు ఇవతలి ఊరిదాకా పోయి వెనక్కి తిరిగి ఆదోనిలోనే ముగించాలని పెద్దలు చెప్పారు. కొందరు గొణిగారు. నాకూ మనసు చివుక్కుమంది. అంతలో ఈల పడింది, ఇక అదేమీ గుర్తురాలేదు.

ఊరు దాటేదాకా జనం కేకలు వేస్తుంటే నేను ముందుకు ఉరికాను. భాయ్ చెప్పిన మాట ఒక్కటీ తలలో లేదు. చేలలోకి వచ్చేసరికి తూర్పుగాలి గోడలా తగిలింది. ఊపిరి అందలేదు. ఒకరి తర్వాత ఒకరు నన్ను దాటిపోయారు. చివరికి భాయ్ పక్కకు వచ్చి, తల తిప్పకుండానే, “నా వెనకకు రా” అన్నాడు. తిరిగే చోటిదాకా ఆయన వీపే చూస్తూ తొక్కాను. తిరిగాక గాలి మా వెనక పడింది. నా కాళ్లు మళ్లీ నావయ్యాయి. మూడోవాడిగా వచ్చాను. బహుమతిగా ఇత్తడి చెంబు ఇచ్చారు. నా వెనకాలే వచ్చిన భాయ్ నన్ను వాటేసుకున్నాడు. జీవితంలో అంత సంతోషం నాకు మళ్లీ తెలియదు.

తర్వాతి ఆదివారం చెంబు తీసుకుని ఇంటికి పోయాను. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ రోజు నాయన మగ్గం మీద కూర్చోలేదని చెప్పింది. ఉతికిన పంచ కట్టుకుని, ముంతలో మజ్జిగ పట్టుకుని, పొద్దున్నే ఆదోని రోడ్డుకు పోయాడట. వంక పొంగడంతో బస్సులు కూడా రాలేదు, చెప్పేవాళ్లు లేరు. మధ్యాహ్నం ఎండలో పక్కనున్నవాళ్లంతా వెళ్లిపోయినా ఆయన అక్కడే నిలబడ్డాడట. ఇంటికొచ్చాక, పిల్లోడు యాడన్నా పడిపోయినాడేమో అని అన్నం ముట్టలేదట.

నాయన లోపలికి వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “ఎందుకప్పా రాకపోతివి?” అన్నాడు. సంగతి చెప్పాను. “పోనీలే. వచ్చే ఏడు చూస్తా” అన్నాడు.

ఆ మరుసటి ఏడు పందెం పెట్టలేదు. భాయ్ షోలాపూరు మిల్లుకు వెళ్లిపోయాడు. ఆయన లేకుండా ఒంటరిగా తొక్కబుద్ధి కాలేదు. సైకిలుకు మళ్లీ క్యారియరు ఎక్కింది, నూలు మూటలు ఎక్కాయి. నాయన కళ్లకు పొర కమ్మింది. పోగు కనబడక మగ్గం దిగాడు.

ఒక రోజు అరుగు మీద కూర్చుని, “ఒకసారి తొక్కి చూపీయప్పా, నీ పందెం తొక్కుడు ఎట్లుంటాదో” అన్నాడు. మా వీధి పొడవునా మగ్గాలకెక్కించే నూలు పడుగులు చాచి ఉన్నాయి. ఎవరి నూలుకూ తగలకుండా, గోడవార, అడుగులో అడుగు వేసినట్టు నెమ్మదిగా తొక్కుకుంటూ పోయి వచ్చాను. ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

“ఇంతేనా?” అన్నాడు.

ఆదోని రోడ్డుకు తీసుకుపోయి అక్కడ తొక్కి చూపిస్తానన్నాను. సరేనన్నాడు. పత్తి సీజను వచ్చింది, మిల్లులో ఆదివారం కూడా సెలవు దొరకలేదు. ఆ చలికాలంలోనే ఆయన పోయినాడు.