అమ్మకు ఫైట్లు చెప్పడం

మా అమ్మకు ఏడుపు సినిమాలంటే గిట్టదు. ప్రేమకథలంటే అంతకన్నా గిట్టదు. "వాళ్ళు కలిస్తే మనకేమి, కలవకుంటే మనకేమి" అంటుంది. ఆమెకు కావలసింది ఫైట్లు. అవి కూడా ఈ మధ్య వస్తున్న సహజమైన ఫైట్లు కాదు. మనిషి తంతే జీపు గాల్లోకి లేవాలి. లేచిన జీపు తిన్నగా కింద పడకూడదు, బొంగరంలా తిరిగి ఎవడి మీదో పడాలి, పడ్డాక పేలాలి. పేలినప్పుడు హీరో వెనక్కి తిరిగి చూడకూడదు. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ళు చేసిన దాంట్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఈ సినిమాల ముందు కూర్చోబెడితే ఎలా ఉంటుంది? హీరో మేడ మీంచి దూకి, లిఫ్టులో దిగిన విలన్ కంటే ముందే కింద నిలబడి ఉంటాడు. రౌడీలు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు, తమ వంతు వచ్చేదాకా ఓపిగ్గా ఆగి మరీ తన్నులు తింటారు. విలన్ తుపాకీలో గుళ్ళు సరిగ్గా హీరో వైపు తిప్పినప్పుడే అయిపోతాయి. ఇవన్నీ నాకు కనిపిస్తూనే ఉంటాయి, నవ్వూ వస్తూనే ఉంటుంది. కానీ డప్పులు మొదలై హీరో చెప్పుల కాలు దుమ్ములో పడగానే నా ఒళ్ళు జలదరిస్తుంది. ఎంత బిగబట్టుకున్నా లాభం లేదు. సోమవారం ఆఫీసులో ఎవరైనా వీకెండ్ ఏం చూశావని అడిగితే మాత్రం ఏమీ చూడలేదంటాను.

ఈ జబ్బు నాకు అమ్మ నుంచే వచ్చింది. నాన్నా అమ్మా రాయలసీమ నుంచి పనికోసం బెంగళూరు వచ్చి బొమ్మనహళ్ళిలో దిగారు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. వారమంతా మిషను మీద వంగి వంగి మెడ పట్టేసినా, ఆదివారం మ్యాట్నీకి మాత్రం చీర మార్చుకుని తయారయ్యేది. మా దగ్గర హాళ్ళలో తీసేసిన బొమ్మ అత్తిబెలెలో ఆడుతోందని తెలిస్తే అత్తిబెలె బస్సు ఎక్కేవాళ్ళం. వారమంతా సూపర్వైజరు చేత మాటలు పడే మనిషి, ఆ హాల్లో మాత్రం "ఎయ్ వాణ్ణి, ఇంకోటి ఎయ్" అని గట్టిగా అరిచేది. పక్కన కూర్చున్న నాకు సిగ్గుగానూ ఉండేది, సంతోషంగానూ ఉండేది.

చొక్కాల మనిషి కాబట్టి అమ్మ కన్ను దెబ్బల మీద కంటే చొక్కాల మీద ఉండేది. "చూడు పాపా, ఎడమ చెయ్యి చినిగిండె కదా, ఇప్పుడు కుడి చెయ్యి చినిగుండాది" అని నా మోచెయ్యి పొడిచేది. విలన్ మనుషులందరివీ ఒకే తాను గుడ్డలని కనిపెట్టేది. అలా కనిపెట్టినందుకు సినిమా మీద చిన్నచూపేమీ ఉండేది కాదు. పాపం, ఎన్ని చొక్కాలని కొంటారు అనేది.

ఐదారేళ్ళుగా అమ్మకు షుగరు. పోయిన ఏడాది ఎడమ కన్నులో నల్లటి మచ్చలు తేలుతున్నాయని చెప్పింది. కంటి డాక్టరమ్మ తెలుగావిడే. దాపరికం లేకుండా ఇద్దరికీ కలిపి చెప్పింది. "ఎడమ కంటికి ఆలస్యమైపోయిందమ్మా, ఆ చూపు ఇక రాదు. కుడి కన్ను కాపాడుకోవాలి. చూపు ఏ కొంచెం తగ్గినా ఆ రోజే రండి. ఇంజెక్షన్ వేస్తే నిలబెట్టుకోవచ్చు. దాచుకుంటే నేనేమీ చెయ్యలేను." ఇంజెక్షన్ అంటే చేతికి కాదు, కంట్లోకే. ఒకసారి వేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నా చెయ్యి పట్టుకుని, "సాకప్పా, సాలు, ఇంక వద్దు" అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు. కన్ను ఎట్లుందమ్మా అని నేను, బాగనే ఉండాదని ఆమె. క్యాలెండరు చూపించి అక్కడేముందని అడిగితే చెప్పేది. ఆ క్యాలెండరు ఎప్పట్నుంచో ఆ గోడ మీదే ఉంది, చెప్పక ఏం చేస్తుంది? అన్నంలో పప్పు వేసుకోబోయి పక్కన వేసుకునేది. గ్లాసు కోసం చెయ్యి చాపి, కొంచెం తడిమి పట్టుకునేది. గట్టిగా అడిగితే కోపం. "నీ ఆఫీసు పని ఇంట్లో సెయ్యొద్దు, తప్పులు పట్టేది" అని మొహం తిప్పుకునేది. ఎదిగిన మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కంట్లో సూది పొడిపించడం నా వల్ల అయ్యే పని కాదు. ఆమె ఒప్పుకోవాలి. నాకు భయంగా ఉండేది, ఆ భయం చూపిస్తే ఇంకా దాస్తుందేమోనని అది మరో భయం.

సినిమాలు మాత్రం మానలేదు. నిజం చెప్పాలంటే, చూపు తగ్గుతున్న మనిషికి ఇంతకన్నా అనుకూలమైన సినిమాలు ఉండవు. తెరంతా నిండేలా మనుషులు. హీరో ఒక రంగు, రౌడీలు ఒక రంగు. దెబ్బ కొట్టబోయే ముందు పెద్ద చప్పుడు, కొట్టాక నెమ్మదిగా, ముందు నుంచీ వెనక నుంచీ మళ్ళీ మళ్ళీ అదే దెబ్బ. ఒకసారి తప్పిపోయినా ఇంకోసారి దొరుకుతుంది. నేను ఇన్నేళ్ళూ వెక్కిరించిన ప్రతి అతీ అమ్మకు ఇప్పుడు అక్కరకొచ్చింది. ఫైట్లు చూడగలుగుతున్నంత కాలం కుడి కన్ను బాగున్నట్టే అని నేను నాకు సర్దిచెప్పుకున్నాను. అలా అనుకోకపోతే నిద్ర పట్టేది కాదు.

తర్వాత అమ్మ చొక్కాల గురించి మాట్లాడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. ఒక ఆదివారం టీవీలో హీరో చొక్కా చినిగి, మళ్ళీ అతుక్కుని, మళ్ళీ ఇంకోచోట చినిగింది. నేను మోచెయ్యి దగ్గరికి జరిపి కూర్చున్నాను. అమ్మ పొడవలేదు. కాసేపటికి "ఇప్పుడేమాయె?" అంది, వక్క నములుతూ, ఏదో ఆ నమలడంలో పడి చూడనట్టు. చెప్పాను. మళ్ళీ "ఎవుర్ని కొట్టినాడు?" అంది. అదీ చెప్పాను. అలా మొదలైంది.

ఫైటు చెప్పడం ఎంత కష్టమో చెప్పి చూస్తేగానీ తెలియదు. తెర మీద జరిగేటప్పుడు అనుమానించే తీరిక ఉండదు. నోటితో చెప్పాలంటే ప్రతి అబద్ధాన్నీ నమిలి మింగాలి. "తొడ కొట్టినాడు. ఆ చప్పుడుకి రైలు ఆగిపోయింది" అని మామూలు గొంతుతో ఎవరైనా ఎలా చెప్పగలరు? నాకు నవ్వొచ్చేది. అమ్మకు మండేది. "నువ్వు నవ్వుకుంటా చెప్తే వానికి దెబ్బ యాడ తగుల్తాది? సరిగ్గ చెప్పు" అనేది. నెమ్మది మీద నేర్చుకున్నాను. నవ్వకుండా, నమ్మి చెప్పడం. రైలు ఆగిందంటే ఆగింది అంతే.

హాల్లో చెప్పడం ఇంకో తిప్పలు. ఒకసారి వెనక సీటాయన నా భుజం మీద తట్టి, మాట్లాడకండి మేడమ్ అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. నేను క్షమాపణ చెప్పేలోపే అమ్మ వెనక్కి తిరిగి, పుట్టినప్పట్నుంచీ కన్నడమే మాట్లాడినట్టు, "నంగె తెలుగు బరల్లప్పా, మగళు హేళ్తావళె" అంది. తనకు తెలుగు రాదట, కూతురు అర్థం చెబుతోందట. కళ్ళ సంగతి చెప్పడం కంటే తన సొంత భాష రాదనడమే ఆమెకు తేలికైంది. ఆయన పాపం నొచ్చుకుని, హేళి హేళి, చెప్పండి అన్నాడు. ఇక నాకు దారేముంది? మిగతా సినిమా అంతా కన్నడంలో చెప్పాల్సి వచ్చింది. ఆఫీసులోనూ కూరగాయల దగ్గరా సరిపోయే నా కన్నడం ఫైటుకు సరిపోలేదు. హొడెద, మత్తె హొడెద, కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, అంతకు మించి మాటలు రాలేదు. విలన్ హెలికాప్టరుతో సహా పడిపోయినప్పుడు "బిద్ద" అని ఊరుకున్నాను. బయటికొచ్చాక అమ్మ, "నీ కన్నడలో దెబ్బ గట్టిగ పడల్యా" అంది. ఇద్దరం బస్టాపులో కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వుతూనే నేను మొహం అటు తిప్పుకున్నాను. తను ఎందుకు అబద్ధమాడిందో నాకు తెలుసని ఆమెకు తెలియకూడదనిపించింది.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సిన రోజు దాటిపోయింది. ఈ వారం వద్దంది, పండగ పోనీ అంది, జలుబు తగ్గనీ అంది. నేను అరిచాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. "కనిపిస్తాంటే పోయి పొడిపించుకునేదెందుకు?" అని ఆమె. "ఏం కనిపిస్తోందో చెప్పు" అని నేను. "నువ్వు కనిపిస్తాండావు, సాల్దా?" అని తలుపు వైపు చూస్తూ అంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

మరుసటి ఆదివారం కొత్త బొమ్మ. హోసూరు రోడ్డు పక్కన పాత హాలు. కింద క్లాసు నిండా కుర్రాళ్ళు, కాగితం ముక్కలు, ఈలలు. అమ్మను నడవా పక్క సీట్లో కూర్చోబెట్టాను. మొదటి అరగంట మామూలే. విలన్ ఊరి మీద పడి అందర్నీ చావబాదాడు. ఒక ముసలాయన దండం పెట్టి ఆకాశం వైపు చూశాడు. డప్పులు మొదలయ్యాయి. రోడ్డు మీద ఎర్రటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి హీరో రావాలి.

రాలేదు. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. తెర మీద ఎర్రటి దుమ్ము అలాగే, కదలకుండా ఉండిపోయింది. సౌండు మాత్రం ఆగలేదు. డప్పులు, బూట్ల చప్పుడు, ఎవరో గాల్లోకి ఎగిరి పడ్డట్టు పెద్ద మోత. హాలంతా ఒక్కసారి లేచింది. ఈలలు, కేకలు, సీట్లు కొట్టడం. "బొమ్మా, బొమ్మా" అని ప్రొజెక్టరు గది వైపు తిరిగి అరుస్తున్నారు. ఆ గోలలో మాటలు తెలియడం లేదు, హీరో వచ్చినప్పుడు ఎలా అరుస్తారో అచ్చం అలాగే.

అమ్మ చప్పట్లు కొట్టింది. "వచ్చినాడు కదా?" అంది.

ఆమె వైపు తిరిగాను. తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, కదలని దుమ్ము వైపు చూస్తూ సంతోషంగా నవ్వుతోంది. మచ్చలు కాదు, మసక కాదు, తగ్గడం కాదు. ఆమెకు తెర మీద ఏమీ కనిపించడం లేదు. ఎన్ని ఆదివారాల నుంచి కనిపించడం లేదో.

"చెప్పు పాపా, ఏం చేస్తాండాడు?"

చెప్పకుండా ఉండలేకపోయాను. "వచ్చినాడమ్మా. నడుచుకుంటా వస్తాండాడు. నలుగురు కత్తులెత్తుకుని మీద పడినారు. ఒకణ్ణి కాలితో తన్నినాడు, వాడు పోయి ఎద్దుల బండి మీద పడినాడు." సౌండులో గాజు పగిలింది. "బండి కాదు, అంగడి అద్దం మీద" అని దిద్దుకున్నాను. ఒక్కో చప్పుడుకీ ఒక్కో మనిషిని పడగొట్టాను. అమ్మ తొడ మీద చరుచుకుంటూ, "ఎయ్, ఇంకోటి ఎయ్" అంది. చిన్నప్పుడు విన్న గొంతే. ఎవరైనా వచ్చి ఇది ఆపితే బాగుండునని ఉంది, ఎవరూ ఆపకపోతే బాగుండునని కూడా ఉంది.

సౌండు ఆగిపోయింది. లైట్లు వేశారు. ముందు సీట్లో కుర్రాడు లేచి పక్కవాడితో, "ఎంట్రీ అంతా పోయింది కదరా, బొమ్మే లేదు" అన్నాడు.

తొడ మీద చరుస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇద్దరం అలాగే కూర్చున్నాం. సమోసాలమ్మే అతను వచ్చి అడిగి వెళ్ళిపోయాడు. అమ్మ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. మళ్ళీ లైట్లు ఆర్పారు. కొంచెం వెనక నుంచి వేసినట్టున్నారు, ముసలాయన మళ్ళీ దండం పెట్టాడు. డప్పులు మొదలయ్యాయి. దుమ్ములోంచి హీరో నిజంగానే వచ్చాడు. హాలు మళ్ళీ లేచింది. అమ్మ ఏమీ అడగలేదు.

ఆ గోలలో నా చెవి దగ్గరికి వంగింది. "వెలుగు ఒగటి తెలుస్తాదప్పా. అంతే" అంది. మళ్ళీ తనే, "ఎల్లుండి ఆ డాక్టరమ్మ కాడికి పోదాం. ఇప్పుడు పోయినా ఏమీ ఉండదు, నాకు తెలుసు. నీకోసం వస్తా" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు. తెర మీద హీరో ఎవణ్ణో ఎత్తి విసిరాడు.

"ఏడుపు ఇంటికి పోయినాక ఏడ్చు" అంది అమ్మ. "ఇప్పుడు చెప్పు. వాడు చేసేది చేసినట్టు చెప్పు."