కషాయానికి ముందు పిన్ని అడిగే మాట

పిన్ని రెండు వారాల కిందట శుక్రవారం పొద్దున వెళ్లిపోయింది. నేను దీపం పెట్టి, కాఫీ తీసుకుని ఆమె గదిలోకి వెళ్లాను. ఇంకా నిద్ర లేవలేదనుకున్నాను. డాక్టరుగారు వచ్చి చూసి, నిద్రలోనే అయిపోయిందన్నారు.

అమ్మకు ఆఖరి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ ఫిల్మ్‌నగర్‌లో మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆమెను తలుచుకుంటే నాకు ఎనభైల చివర్లో ఒక మామూలు ఉదయం గుర్తొస్తుంది. అప్పుడు మా వీధిలో ఇళ్లకంటే బండలే ఎక్కువ. మేకలు కనపడిన ఆకల్లా మేసేవి. పిన్ని నాటిన అడ్డసరం కంచెను మాత్రం వాసన చూసి వదిలేసేవి. ఆ రోజు రేడియోలో భక్తి పాటలు వస్తున్నాయి. అమ్మ ఇడ్లీలు వేస్తోంది. అమ్మమ్మ గుమ్మం దగ్గర కూర్చుని కనకాంబరాలు కడుతోంది. పెరట్లో పిన్ని పొయ్యి మీద దగ్గు కషాయానికి ఆ అడ్డసరం ఆకే మరుగుతోంది.

ఆ ఆకు మీదే ఆమె పరిశోధన. సారం తీసి, గాజు పలక మీద విడదీసి, మందు చల్లితే లేచే నారింజ రంగు మచ్చను ఒకసారి ల్యాబులో నాకు చూపించింది. "ఇదే వాసిసిన్, ఆకులో ఉన్న అసలు మందు" అంది, ఇంట్లో మనిషిని పరిచయం చేసినట్టు. బజారు దగ్గుమందు సీసా మీద బ్రోమ్‌హెక్సిన్ అని ఉంటే, "ఇది మన కంచెకి మనవరాలు" అనేది. ఆ వాసిసిన్ నుంచే దాన్ని తయారు చేశారట.

చుట్టుపక్కల డబ్బింగ్ చెప్పేవాళ్లు చాలామంది. గొంతు పట్టేస్తే మా పెరటికే వచ్చేవారు. వచ్చింది ఆడమనిషైతే గ్లాసు ఇచ్చేముందు పిన్ని అడిగేది, "నెల తప్పిందా?" అని. ఎవరినీ వదిలేది కాదు.

అమ్మమ్మ విసుక్కునేది. "నాకు పళ్లే లేవు, నెలలెక్కడివే?"

"అడగడం నా వంతు. చెప్పి తాగు."

ఎందుకు అడుగుతావని నేనడిగితే చెప్పింది. "ఇది ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది, గర్భసంచిని బిగిస్తుంది. ఆకులో మంచీ చెడూ ఉండవే. ఉన్నది దాని పని అది చేస్తుంది. ఎవరి ఒంట్లోకి పోతోందో చూసుకోవలసింది మనం."

ఆ ఉదయం మా చిన్న చెల్లెలు దగ్గుతూ శ్రీనగర్ కాలనీలో అత్తారింటి నుంచి వచ్చింది. అప్పుడప్పుడే హీరోయిన్లకు గొంతు ఇస్తోంది. ఆఖరి రీలు మిగిలింది. సినిమా కంపెనీ కారు కూడా వెనకే వచ్చి గేటు దగ్గర ఆగింది.

"అమ్మా, జర జల్దీ తోలియ్యుండ్రి" అన్నాడు డ్రైవరు. "హీరోయిన్ ఏడ్సుడు ఒక్కటే బాకీ ఉన్నదంట. సారు గరమైతుండు." అని అతనూ దగ్గాడు.

పిన్ని అలవాటులో అతని వైపే తిరిగి, "నెల తప్పిందా?" అంది.

"నాకైతే లేదమ్మా. మా ఇంటామెను అడిగి చెప్త."

అమ్మమ్మ చేతిలో దండ జారిపోయేంతగా నవ్వింది. చెల్లి కూడా నవ్వబోయి దగ్గింది. పిన్ని దాన్నీ అడిగింది. "లేదు పిన్నీ" అంది చెల్లి, గ్లాసు అందుకుంటూ.

పిన్ని చూపు పిట్టగోడ మీదికి వెళ్లింది. చెల్లికిచ్చిన కాఫీ మీగడ కట్టి అలాగే ఉంది.

"కాఫీ ఎందుకు తాగలేదే?"

"ఏమో పిన్నీ, వాసన పడట్లేదు."

పిన్ని చెల్లి చేతిలోంచి గ్లాసు తీసుకుని కంచె మొదట్లో పారబోసింది. "ఇవాళ కషాయం మాడిందే. ఉప్పునీళ్లు పుక్కిలించి వెళ్లు" అంది అందరికీ వినపడేలా. ఆమె చేతిలో కషాయం ఎన్నడూ మాడింది లేదు.

అంతకుముందు చెల్లికి ఒకసారి కడుపు నిలవలేదు. ఈసారి మూడో నెల నిండేదాకా పుట్టింట్లో కూడా చెప్పొద్దని అత్తగారు గట్టిగా చెప్పారట. అది మాకు తర్వాత తెలిసింది. పిన్నికి ఆ కాఫీ గ్లాసు చూడగానే తెలిసిపోయింది. మూడో నెల నిండేదాకా ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

గొంతు లేవక, ఆ ఏడుపు వేరే అమ్మాయి ఏడ్చింది. ఆ కంపెనీ చెల్లిని మళ్లీ పిలవలేదు. మాఘమాసంలో దానికి కూతురు పుట్టింది. పిల్లను ఒళ్లో పెట్టుకుని పిన్ని ఒకే మాట అంది. "దీని గొంతు బాగుందే."

నిన్నటితో కర్మలు పూర్తయ్యాయి. సాయంత్రం అందరం పెరట్లో కూర్చున్నాం. కంచె తీసేసి ప్రహరీ కట్టాలని తమ్ముడు ఎప్పటినుంచో అంటున్నాడు. జూబ్లీహిల్స్ పక్కన జానెడు నేల కూడా ఎవరూ వదులుకోరు. వాడు ఆ మాట ఎత్తబోయే లోపే చెల్లి కూతురు లేచి వెళ్లి, కంచె దగ్గరున్న పిన్ని పీట మీద కూర్చుంది. తమ్ముడే అటు చూసి అన్నాడు, "గోడ కంచెకి లోపలి పక్కన కడదాం."

అలాగే అనుకున్నాం. కంచె గోడకు బయట, వీధి వైపు ఉంటుంది. గోడకు అక్కడ చిన్న తలుపు పెట్టాలి. పీట ఆ తలుపు దగ్గరే ఉండాలి. రోజూ పొద్దున పూజ అయ్యాక నేను వచ్చి దాని మీద కూర్చోవాలి. ఆకు కోసం ఎవరొచ్చినా, కోసిచ్చే ముందు ఆ మాట అడగాలి.