నాలుకకు ఆపరేషన్, మాటకు వీడియో కాల్

ఆ రోజు ఒక పెళ్లివారికి పట్టుచీర గురించి వర్ణించి చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఒడిశాలోని బరంపురంలో, గోసాని నువాగాం పేటలో మా బట్టల కొట్టు. ముప్పై ఏళ్లుగా నా వ్యాపారమంతా నోటితోనే నడిచింది. తెలుగువాళ్లతో తెలుగు, ఒడియావాళ్లతో ఒడియా, ఎవరూ లేకపోతే నాతో నేనే. అలాంటిది "జరీ" అనబోయేసరికి నాలుక పక్కన చురుక్కుమంది. కొట్టు వెనకే మా ఇల్లు. లోపలినుంచి నా భార్య వరలక్ష్మి పరుగెత్తుకొచ్చింది.

"ఏటయిందండి? మీ గొంతు ఇనపడకపోతే గాబరా ఏసింది!"

అద్దంలో చూసుకుంటే నాలుక ఎడమ అంచున చిన్న పుండు. పన్ను గీసుకుందనుకుని నెలన్నర తేనె రాశాను. పుండు మానలేదు, తేనె సీసా అయిపోయింది. అప్పుడు వరలక్ష్మి నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"పాన్, గుండీ పొగాకు నమిలే అలవాటుందా?" అని ఆయన అడిగారు.

"ఎప్పుడో ఒకటండీ."

"అవునండి," అంది వరలక్ష్మి. "ఒకటి అయ్యాక ఒకటి."

బయాప్సీలో కేన్సర్ అని తేలింది. విశాఖపట్నం పంపారు. అక్కడి డాక్టరమ్మ స్కాన్ చూసి నెమ్మదిగా చెప్పారు. "ఎడమవైపు నాలుక కొంత తీసేయాలి. చేతినుంచి చర్మం తెచ్చి అతుకుతాం. మాట వస్తుంది, కానీ మళ్లీ నేర్చుకోవాలి."

ప్రాణం పోతుందేమో అని తరవాత భయపడ్డాను. మొదట భయపడింది మాట గురించే. ఆపరేషన్‌కి వెళ్తూ రైల్లో దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. మామూలుగా పది నిమిషాలకోసారి "ఇంక ఊరుకోండి" అనే వరలక్ష్మి, ఆ రోజు కిటికీవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. "మాటాడండి," అంది. "ఇయ్యేల ఎంతసేపు మాటాడినా ఇంటాను."

ఆపరేషన్, ఆరు వారాల రేడియేషన్ అయ్యాక ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్‌తో, చేతిలో పలకతో ఇల్లు చేరాను. "నేను చెప్పేదాకా నోటితో ఏమీ తినకూడదు, తాగకూడదు," అన్నారు డాక్టరమ్మ. "ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదు. బుధవారం బుధవారం వీడియోలో చూద్దాం. స్పీచ్ థెరపిస్ట్ కూడా ఉంటుంది."

మొదటి బుధవారం ఫోన్‌ని చీరల బొత్తికి ఆనించి కూర్చున్నాం.

"అమ్మా, ఫ్యాన్ చక్కగా కనబడుతోంది," అన్నారు డాక్టరమ్మ. "పేషెంట్ ఎక్కడ?"

ఫోన్ వంచాక నా కుట్ల మచ్చలు, మెడ, ట్యూబ్ అన్నీ చూశారు. నాకు మాట రాదు కనక జవాబులన్నీ వరలక్ష్మివే. మలబద్ధకం ఉందా అని అడిగితే ఆవిడ మా పెళ్లయిన దగ్గర్నుంచి చెప్పింది. నేను పలక మీద "చాలు" అని రాసి చూపించాను. "సాలా బాగుందంటన్నారండి," అని చెప్పేసింది.

తరవాత థెరపిస్ట్ వచ్చింది. కూతురి వయసు పిల్ల. నాలుక బయటపెట్టి కుడికి, ఎడమకి తిప్పమంది. నాకు సిగ్గేస్తుందని వరలక్ష్మి కూడా నాతోపాటు తిప్పింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి ఒడియా ఆవిడ పెరుగు గిన్నెతో లోపలికొచ్చింది. మొగుడూ పెళ్లాం ఫోన్‌కి నాలుకలు చాపి కూర్చున్నాం. "కణ హెలా?" అని, ఏమైందని ఒక్క మాట అడిగి, గిన్నె గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయింది.

"మీ ఊరి పేరు చెప్పండి," అంది థెరపిస్ట్.

"బయంపుయం."

"మళ్లీ."

పదిసార్లు చెప్పాను. పదిసార్లూ బయంపుయమే.

మూడో వారంలో తప్పుచేశాను. వరలక్ష్మి బజారుకెళ్లిన సమయంలో వంటింట్లో ఇడ్లీలు కనబడ్డాయి. ట్యూబ్‌లో పోసే జావకు రుచి ఉండదు. రెండిడ్లీలు సాంబారులో నానబెట్టి మింగేశాను. ఊపిరాడనంత దగ్గొచ్చింది. తగ్గిపోయిందిలే అనుకున్నాను. మర్నాటికి జ్వరం తగిలింది. డాక్టరమ్మకి చెప్పొద్దని వరలక్ష్మికి సైగ చేశాను.

బుధవారం థెరపిస్ట్ "ఆ అనండి" అంది. అన్నాను. "ఇంకోసారి." ఆ పిల్ల ముఖంలో నవ్వు పోయింది. "గొంతులో తడి చప్పుడు వినబడుతోంది. నోటితో ఏమైనా తిన్నారా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"నిన్నట్నించి ఒళ్లు ఎచ్చగుందమ్మా, సెప్పొద్దన్నారు," అంది వరలక్ష్మి. నావైపు తిరిగి చూసి, "మొన్న ఇడ్లీలు రెండు తగ్గాయి. నాను తిన్నేదు. పిల్లి సాంబారు ఏసుకోదు," అంది.

డాక్టరమ్మ వెంటనే కాల్‌లోకి వచ్చారు. నా ఊపిరి ఎగసిపడే తీరు కాసేపు చూశారు. "ఆస్పిరేషన్ అయినట్టుంది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇప్పుడే మీ ఊళ్లో ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించండి. అక్కడి డాక్టర్‌తో నేను మాట్లాడతాను."

న్యుమోనియా. ఆరు రోజులు బరంపురంలోనే ఆక్సిజన్ మీద ఉన్నాను. ఇక్కడి డాక్టర్ మంచం పక్కన ఫోన్ పట్టుకుని విశాఖ డాక్టరమ్మతో మాట్లాడి మందులు మార్చారు. మరుసటి బుధవారందాకా ఆగి ఉంటే ఏమయ్యేదని వరలక్ష్మి అడిగింది. డాక్టరమ్మ మాట మార్చి నా ఆక్సిజన్ ఎంతుందో చూడమన్నారు.

రెండు రోజులు వరలక్ష్మి నాతో మాట్లాడలేదు. పలక మీద "తప్పయింది" అని రాసి చూపించాను.

"పలక మీద కాదు," అంది, ఏడుస్తూనే. "నోటితో సెప్పండి. అది కూడా ఎక్సర్‌సైజే."

చెప్పాను. మూడోసారికి ఆవిడకి అర్థమయింది.

ఇది జరిగి ఏడాదిన్నర. ట్యూబ్ పోయింది, గుండీ మానేశాను. మెత్తటి అన్నం తింటున్నాను, నెమ్మదిగా. "ర" ఇంకా నా మాట వినదు. మెడ చేత్తో తడిమి చూడటం వీడియోలో కుదరదు కాబట్టి, చెకప్‌కి మాత్రం విశాఖ వెళ్లి తీరాలి. ఈమధ్య డాక్టరమ్మ అడిగితే, ఇదే ఆపరేషన్ అయిన ఖల్లికోట ఊరాయనకి వీడియోలో ధైర్యం చెప్పాను. ఆయన మాట నాకు తెలియలేదు, నా మాట ఆయనకి తెలియలేదు. ఆయన పక్కన ఆయన భార్య, నా పక్కన వరలక్ష్మి కూర్చుని అర్థం చెప్పారు. గంట మాట్లాడుకున్నాం.

ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. వీడియోలో డాక్టరుకి మీ ముఖం కనబడుతుంది, మీరు దాచింది కనబడదు. అందుకని కాల్ వచ్చేటప్పుడు మీరంటే భయం లేకుండా మీ మీద చాడీలు చెప్పే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.