మొద్దుబారిన మెడ మీద మూడు వేళ్లు

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు డాక్టరుకు చూపించమని చెప్పేదాన్ని. బైబిలు వాక్యం చదువుతూ, సంఘంలో పాడుతూ పెరిగాను. కంటికి కనబడనివాటిలో దేవుణ్ణి తప్ప దేన్నీ నమ్మలేదు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో నాకు థైరాయిడ్ గడ్డ తీశారు. బస్సులు బంద్. భూపాలపల్లి నుంచి నాయిన రాలేకపోయాడు. నా భర్త ఒక్కడే తోడు.

ఆపరేషన్ తరువాత నొప్పి తెలియకుండా మత్తు డాక్టరు మెడకు రెండు పక్కలా నరాల దగ్గర సూదిమందు ఇచ్చారు. మెలకువ వచ్చాక మెడ నాది కానట్టే ఉంది. నర్సు గిల్లి, "ఎర్కైందా?" అంది. తెలియలేదు. "నీ మెడ నిద్రవోయింది. నువ్వు గూడ పండుకో" అని నవ్వింది.

శనివారం మధ్యాహ్నం. కునుకు పట్టింది. ఎవరో ఎడమ పక్క కట్టు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కారు. వెచ్చటి చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు. మధ్యలో ఖాళీ.

కళ్లు తెరిచాను. నా భర్త కిటికీ దగ్గర కుర్చీలో నిద్రపోతున్నాడు. ఇంకెవరూ లేరు.

నర్సును పిలిచి అడిగాను.

"ఎవ్వలు ముట్టలేదమ్మా. ముట్టినా నీకెట్ల తెలుస్తది?"

"ఇక్కడ్నే అక్కా, జర చూడు."

కట్టు ఎత్తగానే ఆమె ముఖంలో నవ్వు పోయింది. లోపల రక్తం చేరి మెడ ఉబ్బుతోంది. వెంటనే మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేదని తరువాత డాక్టరు చెప్పారు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. రోగి రాలేకపోతే రక్తసంబంధి ఒకరు బదులుగా మోకరిస్తారు. రోగికి జబ్బు ఎక్కడ ఉందో, మోకరించినవాళ్ల ఒంటి మీద అక్కడే సంఘ పెద్ద చెయ్యి వేసి ప్రార్థిస్తాడు.

బస్సులు తిరిగాక నాయిన వచ్చాడు.

"నీ మెడల రక్తం చేరింది, మల్ల ఆపరేషన్ జేసిన్రని అల్లుడు ఫోన్ జేసిండు. తెల్లారి ఆదివారం నీ బదులు నేనే కూసున్న బిడ్డా. మహబూబాబాద్ నుంచి కొత్తగ ఒక పెద్దయ్య వచ్చిండు. ఇగో, గిక్కడ చెయ్యి వెట్టిండు" అని తన మెడ ఎడమ పక్క చూపించాడు. "పాపం, రైసుమిల్లు బెల్టుల వడి నడిమి రెండు వేళ్లు వోయినయంట. మూడు వేళ్లతోనే గట్టిగ వత్తిండు."

స్తోత్రం చెప్పబోయి ఆగిపోయాను. నా మీద ఆ చెయ్యి పడింది శనివారం. రెండో ఆపరేషన్ అయిందని తెలిసి వాళ్లు ప్రార్థించింది ఆదివారం. ఆ చెయ్యి పడకపోతే ఆ ఆపరేషనే లేదు, అది లేకపోతే ఆ ప్రార్థనా లేదు.

దేవునికి కాలం అడ్డం కాదని నేనే ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాను. అయినా ఆ పెద్దయ్య వందనమంటూ చెయ్యి చాపితే, ఈరోజుకీ నా మెడ ఎడమ పక్క మొద్దుబారుతుంది. ఎందుకో నాకు తెలియదు.