వదిన కంప్యూటర్ ఫ్యాను

కొన్నేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీ ముఖం నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

హిందీ మాట్లాడే ఊళ్లో ఉంటాం. నాన్న రైలింజను నడుపుతారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఆయన పగలు పడుకుంటే మా క్వార్టర్‌లో కుక్కరు కూడా కూత వేయకూడదు. వదిన కంప్యూటర్ ఫ్యాను మాత్రం హోరుమనేది. ఆమె పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి సదర్ బజార్‌లో ఒక స్టూడియోకు ఇచ్చేది. ఒకరోజు ఆమె బయటికి వెళ్లినప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఫ్యాను వేగం బాగా తగ్గించేశాను. నాన్న నిద్ర కోసమే అనుకున్నాను. నిజమేనా? ఇంజిన్ రొదలో బతికే మనిషికి అదొక చప్పుడా? నాకు పుస్తకం చదువుకోవడానికి నిశ్శబ్దం కావాలి. అంతే.

మే ఎండలు. కంప్యూటర్ వేడెక్కి పని మధ్యలో ఆగిపోయేది. వదిన టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి, తను చెమటలో కూర్చునేది. అది చూస్తూ కూడా నోరు విప్పలేదు. భయమా, సిగ్గా, లేక ఆ నిశ్శబ్దం నాకంత బాగుందా?

వీడియోలు సమయానికి అందక స్టూడియో వాళ్లు పని ఇవ్వడం మానేశారు. ఆ తర్వాత, అవును, ఆ తర్వాతే, దొంగలా సెట్టింగు మళ్లీ మామూలుగా మార్చాను.

మర్నాడు కంప్యూటర్ చక్కగా నడిచింది.

"అచ్ఛా! పనున్నప్పుడు సచ్చిపోయి, ఇప్పుడు మజాగా నడుస్తంది చూడు చిన్నీ. నా కిస్మతే ఖరాబ్," అని నవ్వబోయింది వదిన.

"కిస్మతేటి? పొద్దస్తమానం దాన్ని నలిపీస్తే ఆగిపోదేటి?" అంది అమ్మ.

వదిన నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పు, నేనేటైనా తప్పు నొక్కీసానా?"

"ఏమో వదినా," అన్నాను.

ఫ్యాను సంగతి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ తింటోంది.

డబ్బా విప్పి దుమ్ము దులిపితే ఆ హోరు చాలావరకు తగ్గేదని, వేడి పెరిగినప్పుడే ఫ్యాను జోరందుకునేలా పెట్టుకోవచ్చని తర్వాత తెలిసింది. ఒళ్లు మండింది. అన్ని పుస్తకాలు చదివేదాన్ని, ఈ ఒక్క సంగతి ముందే చదివి తెలుసుకోలేకపోయానా?

వదిన కంప్యూటర్ అమ్మేసింది. ఇప్పుడు ఎండలో స్కూటీ మీద ఊరి చివర తిఫ్రా దాకా వెళ్లి, ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్లులు టైపు చేస్తోంది. ఇక్కడే హిందీ బడిలో చదివింది, ఆమెకు తెలుగు చదవడం రాదు. అది తెలిసే తెలుగులో రాస్తున్నాను. ఇదీ పిరికితనమే. అయినా ఇంతవరకు రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు మా వదిన కాదు.