నేను ఆగనివ్వని ఆట

ఆ ఆదివారం అతను ఓడిపోయింది తన చేతివల్ల కాదు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో నల్లగొండ గడియారం చౌరస్తా వెనక సందులో, గంటకింత అని తీసుకుని వీడియో గేములు ఆడించే దుకాణం ఒకటి ఉండేది. రెండు టీవీలు, నాలుగు కుర్చీలు. నేనూ నా దోస్తూ ఇంటర్ తప్పి అక్కడే పొద్దుపుచ్చేవాళ్లం. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో అతని ఎడమ చేయి పనిచేసేది కాదు. తన్నులాటల్లో, కార్ల పందేల్లో పదేళ్ల పిల్లలు కూడా అతన్ని ఓడించేవాళ్లు. అతనికి మిగిలింది ఒకే ఆట. ముగ్గురు యోధులను వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతూ రాక్షసులతో పోరాడాలి. మన వంతు రాగానే పోరు ఆగుతుంది. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు.

నేనైతే, దెబ్బ వేసే బటన్ ఒక్కటే నొక్కుకుంటూ సగం దాకా పోయి చతికిలబడ్డాను. ఆటంటే ఎవడైనా కూర్చోగానే ఆడగలగాలి, ఇంత లెక్క ఎందుకని వాదించేవాణ్ణి. అతను రిమోట్‌ను తొడమీద పెట్టుకుని కుడిచేత్తోనే ఆడుతూ, ఏ రాక్షసుడికి నిప్పు పడదో, ఎవరిని ముందు నిలబెట్టాలో, గాయాలు మాన్పే మందు ఎప్పటిదాకా దాచాలో అన్నీ తేల్చేశాడు. ఉర్దూ మీడియంలో చదివాడు. తెరమీది ఇంగ్లీషు రాక, పైనుంచి మూడోది, కిందినుంచి రెండోది అని వరసలు గుర్తుపెట్టుకునేవాడు. తప్పనిసరైతే నన్ను చదవమనేవాడు. దుకాణంలో అందరూ అతన్ని ఉస్తాద్ అనడం మొదలుపెట్టారు. నాకు కడుపు మండింది.

ఆఖరి రాక్షసుడి దగ్గరికి చేరిన ఆదివారం దుకాణం నిండిపోయింది. వాణ్ణి చంపితే మా దగ్గర ఆ ఆట ముగించిన మొదటివాడు అతనే. అతను చాయ్‌కి లేచినప్పుడు, మాలో ఎవరూ ఎన్నడూ తెరవని సెట్టింగుల్లోకి పోయి, మన వంతు వచ్చినా పోరు ఆగకుండా మార్చేశాను.

అతను వరసలు లెక్కపెట్టుకుంటుండగానే ముగ్గురూ చచ్చారు. రెండోసారీ అంతే. ఒంటిచేత్తో రాజ్యాలు ఏలుదామనుకున్నాడని నేనే ఎగతాళి మొదలుపెట్టాను. అందరూ నవ్వారు. మూడోసారి కూడా పోయాక, చెమటలు తుడుచుకుని నావైపు తిరిగాడు.

"జర చదివి చెప్పురా. గిండ్ల ఏమన్న మారిందా? మొన్నటిదాంక ఆగేది గదా."

తెర మొత్తం చదివినట్టు నటించాను.

"ఏం మారలే. ఆఖర్ల గిట్లనే ఉంటది. నీ చేతితోని అయ్యే పని కాదు, లే."

లేచాడు. మళ్లీ ఆ సందులోకి రాలేదు. మర్నాడు నేను సెట్టింగును ఎప్పటిలా పెట్టి, అతను ఆటను సేవ్ చేసి పెట్టుకున్న చోటి నుంచే, అతని పద్ధతిలోనే ఆడి రాక్షసుణ్ణి చంపాను. చప్పట్లు కొట్టించుకున్నాను.

పోయినేడు నార్కట్‌పల్లిలో బస్సు మారుతుంటే అతని సెల్‌ఫోన్ల దుకాణం కనబడింది. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఇంట్లో పిల్లలు ఫోన్లో ఆడదాం రమ్మంటారట. తను ముట్టడట.

"ఈ చేతికి రాదని ఆ దినమే ఎర్కయింది గదరా" అన్నాడు నవ్వుతూ.

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

"నీ చెయ్యి ఓడలేదురా. నువ్వు బయటికి పోయినప్పుడు ఆట ఆగకుండ నేనే మార్చిన. చదవమంటే అబద్ధం చెప్పిన. తెల్లారి గెలిచింది గూడ నీ ఆటతోనే. మాఫ్ చెయ్యి."