అడిగే పెట్టె లేని చోట

ఆఫీసులో అందరూ ఆమెను పంతులమ్మ అనే పిలుస్తారు. తొమ్మిదేళ్లు బళ్లో పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏ సాధనాన్ని ఎలా వాడాలో రాసిపెట్టే పనికి వచ్చింది. వచ్చి పన్నెండేళ్లు. రాసిన ప్రతి పేజీనీ తరగతిలో ఆఖరి బెంచీ మొద్దు పిల్లాడిలా చదువుకుంటుంది. పేజీలో ఉన్నదే చేస్తుంది, లేనిది ఊహించదు. ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒక వాక్యం చేరుస్తుంది. ఈ చాదస్తం చూసి నవ్వేవాళ్లే, చేతికి కొత్త సాధనం వస్తే ముందు ఆమె పేజీ వెతుక్కుంటారు.

ఈసారి ఆ పేజీ చదివేది మనుషులు కాదు. ఈసారి వచ్చిన సాధనం ఏపీఐ కీలు తొలగించేది. ఒక యంత్రం మరో యంత్రం గుమ్మం దాటాలంటే చూపించాల్సిన రహస్య సంకేతమే ఏపీఐ కీ. పాతబడ్డవి దొంగల చేతిలో పడకుండా ఎప్పటికప్పుడు తీసేయాలి. ఇకమీదట ఆ పని ఏఐ ఏజెంట్లు చేస్తాయి. మనిషి పక్కన లేకుండా చెప్పిన పని చేసుకుపోయే ప్రోగ్రాములవి. ఏది, ఎలా తీసేయాలో పంతులమ్మ పేజీ చదివే తెలుసుకుంటాయి. పేజీ పొద్దున్నే మేనేజరుకు చేరింది. సాయంత్రం నాలుగింటికి సాధనం ఏజెంట్ల చేతికి వెళ్తుంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ అక్కకు ఫోన్ చేసింది. అక్క ఆసుపత్రిలో నర్సు. అక్కడ టీకాల ఫ్రిజ్ వేడెక్కితే నర్సుల ఫోన్లు మోగించే అలారం పంతులమ్మ కంపెనీ పెట్టిందే.

"మా అలారం బాగానే పనిచేస్తోందా అక్కా?"

"మోగితే కదే తెలిసేది! నాలుగు నెలలైంది అది నోరెత్తి. అది నోరు మూసుకున్నంతకాలం మేం బతికిపోయినట్టే."

పంతులమ్మ ముద్ద చేతిలోనే ఆపేసింది. ఫోన్లు మోగించేటప్పుడే ఆ అలారం తన ఏపీఐ కీని వాడుతుంది. నోరెత్తని అలారం కీని ఎవరూ వాడనట్టే లెక్క. తొంభై రోజులుగా వాడని కీలు తొలగించమని రాసింది తనే.

మనుషులకైతే తెర మీద ఒక పెట్టె వచ్చి "నిజంగా తొలగించమంటారా?" అని అడుగుతుంది. అది ఎలాగూ అడుగుతుందన్న ధీమాతో తొలగించేముందు అడగాలన్న హెచ్చరిక రాయడం ఆమె ఏనాడో మానేసింది. ఏజెంటుకు తెర లేదు, పెట్టె లేదు, అడిగే దిక్కే లేదు. మొద్దు పిల్లాడిలా చదివింది సరే, తెర ముందు కూర్చున్న పిల్లాడిలా చదివింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

క్యారేజీ అలాగే వదిలేసి మేనేజరు గదికి పరుగెత్తింది. అప్పటికి రెండుంపావు.

"నాలుగింటిది ఆపాలండీ. నా పేజీ తప్పు."

"ఆఖరి నిమిషంలో ఇదేంటండీ? కస్టమర్లందరికీ మాటిచ్చేశాం. అయినా ఏఐకి ఆ మాత్రం తెలీదా? మనిద్దరికన్నా తెలివైంది."

"తెలివైందే. చెప్పిన మాట వినేది కూడా. అదే నా భయం. ఒక్కసారి చూద్దురుగాని రండి."

పరీక్షల కోసం కంపెనీలో అన్నిటికీ నకళ్లు ఉంటాయి. ఆసుపత్రి ఖాతా నకలు తెరిచి, పాత కీలు శుభ్రం చెయ్యమని ఏజెంటుకు రాసింది. అది పేజీ చదివింది. గుటక మింగేలోపు జవాబు వచ్చింది: "మూడు కీలు తొలగించాను. ఇంకేమైనా సాయం కావాలా?" రెండు నిజంగా పనికిరానివే. మూడోది ఫ్రిజ్ అలారంది.

"సరే, వెనక్కి తెప్పించండి" అన్నాడు మేనేజరు.

"రాదండీ. కొత్త కీ చేసి, మనిషి వెళ్లి ఆ ఫ్రిజ్‌కి పెట్టాలి. ఈలోగా కరెంటు పోతే టీకాలు పాడవుతాయి. పాడైన సంగతి ఎవరికీ తెలీదు. వాటినే పిల్లలకు పొడుస్తారు."

మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "మరి ఆ ముక్క పేజీలో ఎందుకు రాయలేదు?"

"ఏజెంటుకు తెర లేదన్న సంగతి మర్చిపోయాను."

పంతులమ్మ అక్కడే నిలబడి రెండు వాక్యాలు చేర్చింది. తొలగించిన కీ తిరిగి రాదు. కీ ఎవరిదో వాళ్లు ఒప్పుకోకుండా తొలగించవద్దు. నకలును మళ్లీ మొదటికి తెచ్చి ఏజెంటును వదిలింది. ఈసారి అది ఆగి అడిగింది: "ఫ్రిజ్ అలారం కీని నాలుగు నెలలుగా వాడలేదు. తొలగించనా?"

అలవాటుకొద్దీ 'సరే' నొక్కబోయి, మేనేజరు మౌస్ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇలాంటివి ఇంకెన్ని ఉంటాయి?"

"నాకు తెలీదండీ. ఎవరి కీ సంగతి వాళ్లకే తెలుస్తుంది. అందర్నీ అడగాలి."

మూడున్నరకు ఆయన సాధనాన్ని ఆపించి, కస్టమర్లకు ఉత్తరం మొదలుపెట్టాడు. "సాంకేతిక కారణాల వల్ల వాయిదా అని రాస్తాను. మీ పేరు బయటికి రాదు" అన్నాడు, మంచికే.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఒప్పేసుకుందామనిపించింది కూడా. కానీ తల అడ్డంగా ఊపింది. "అలా రాస్తే ఎవరూ తమ కీలు వెతుక్కోరండీ. జరిగింది జరిగినట్టు చెబితేనే భయపడి చూసుకుంటారు. ఇలా ఇవ్వండి, నేను రాస్తాను."

కుర్చీ లాక్కుని కూర్చుంది. తను ఏం రాయలేదో, దాంతో ఏం జరిగి ఉండేదో, ఎవరు ఏ కీలు చూసుకోవాలో విడమరచి రాసింది. ఆ కంపెనీలో వాడకం పేజీల కింద రాసినవాళ్ల పేరు ఉండదు. పన్నెండేళ్లలో పంతులమ్మ తన పేరు పెట్టి పంపిన మొదటి పేజీ అదే.